పల్నాటి రాళ్ళు ఎవరి కథ చెబుతున్నాయి?

పల్నాడు అనగానే బడికి పోయిన ఎవరికైనా కోడిపందెం, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు గుర్తొస్తారు. ఇంకొంచెం చదివినవాళ్ళు బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెబుతారు. మాలదాసరి కన్నమదాసు పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది ఆగిపోతారు. ఆ యుద్ధంలో ఒక పక్షపు సేనలన్నిటికీ నాయకుడు ఒక మాలవాడనీ, ఆ యుద్ధ కథని ఇన్ని శతాబ్దాలుగా పాడి నిలబెట్టింది కూడా మాలవాళ్ళేననీ మన పాఠాలు గట్టిగా చెప్పవు. చెప్పినా ఒక వాక్యంలో చెప్పి వూరుకుంటాయి.

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా వేరుపడింది. అప్పట్నుంచి పర్యాటకం గురించీ వారసత్వ సంపద గురించీ మాటలు బాగా వినబడుతున్నాయి. గుళ్ళ జాబితాలు, కోటల జాబితాలు తయారవుతున్నాయి. మంచిదే. కానీ జాబితా అంటేనే ఎంపిక. ఏది వుండాలో, ఏది వుండక్కర్లేదో ఎవరో ఒకరు తేలుస్తారు. అందుకని పిడుగురాళ్ళ నుంచి మాచర్ల మీదుగా అనుపు దాకా వున్న పాత గుర్తులన్నిటి దగ్గరా మేం మూడే ప్రశ్నలు వేసుకుంటూ పోదలుచుకున్నాం. ఈ రాయి ఎవరు కొట్టారు? దాని మీద ఎవరి పేరు చెక్కారు? ఇవాళ దాన్ని ఎవరు బతికిస్తున్నారు?

1. రాయి దగ్గర మొదలుపెడదాం

అమరావతి శిల్పాలు, నాగార్జునకొండ శిల్పాలు ఏ రాతితో చేశారని అడిగితే పాత పుస్తకాలు 'పాలరాయి' అంటాయి. అది పాలరాయి కాదు. పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ, బూడిదరంగు కలిసిన ఆ రాయి మెత్తగా వుంటుంది. సన్నటి పనికి లొంగుతుంది. రెండువేల ఏళ్ళ కిందట ఆ రాయిని పలకలుగా లేపి, బండ్ల మీదకెక్కించి, స్తూపం చుట్టూ నిలబెట్టారు.

అదే రాయి ఇవాళ కూడా ఈ ప్రాంతానికి తిండి పెడుతోంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ ఆ పొర మీదే నిలబడ్డాయి. బట్టీ వేడికీ దుమ్ముకీ ఎదురు నిలబడి పనిచేసే కూలీల్లో మాల, మాదిగ, వడ్డెర కులాలవాళ్ళని వెతుక్కోనక్కర్లేదు. దేశంలో బాగా ఎండకాసే చోట్లలో ఒకటిగా పేరుపడ్డ రెంటచింతల కూడా ఇక్కడే వుంది. ఆ ఎండలో రాయి కొట్టటమంటే ఏమిటో కొట్టినవాళ్ళకే తెలుసు. శిల్పం అందం గురించి వ్యాసాలు రాసేవాళ్ళు ముందు ఈ క్వారీలు చూసి రావాలని మా అభిప్రాయం. క్వారీని వదిలేసి శిల్పం ఒక్కదాన్నే చూస్తే చూసింది సగమే.

అయితే ఇక్కడొక మంచి మాట కూడా వుంది. నాగార్జునకొండలో దొరికిన వాటిలో ఛాయాస్తంభాలు అనేవి వున్నాయి. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలిపిన రాళ్ళు అవి. వాటిలో రాజులవీ సేనాపతులవీ వున్నాయి. యుద్ధంలో పడిపోయిన మామూలు సైనికులవీ వున్నాయి. పనివాళ్ళ పెద్ద ఒకరి కోసం నిలిపిన స్తంభం కూడా వుంది. పనిచేసిన చేతులకి పేరు దక్కటం మన చరిత్రలో అరుదు. ఆ అరుదైన పని పల్నాటి గడ్డ మీద జరిగింది. ఇంతకన్నా పాతవి, రాజులు లేని కాలానివి, బృహత్ శిలాయుగపు సమాధులు కూడా ఆ లోయలో బయటపడ్డాయి. ఇలాంటి సమాధుల్ని మన పల్లెల్లో రాకాసి గుళ్ళు అంటారు. మన పూర్వీకుల్ని పాతిపెట్టిన చోటుకి రాకాసుల పేరు ఎట్లా వచ్చిందో ఆలోచించాల్సిన విషయమే.

2. గోలి, గురజాల, మంచికల్లు

పెద్ద పేర్ల నీడలో చిన్న వూళ్ళు కనబడకుండా పోతాయి. రెంటచింతల దగ్గర గోలి అనే వూరుంది. అక్కడ ఒక చిన్న బౌద్ధ స్తూపం వుండేది. 1926లో ఫ్రెంచి పండితుడు జూవో-దుబ్రాయ్ దాన్ని వెలికితీశాడు. శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరాయి. 1929లో టి.ఎన్. రామచంద్రన్ వాటి మీద పుస్తకం వేశాడు. ఆ పలకల్లో ఒకదాని మీద వెస్సంతర జాతక కథ వరసగా చెక్కి వుంది. తన ఏనుగునీ, రథాన్నీ, చివరికి కన్నబిడ్డల్ని కూడా అడిగినవాళ్ళకి ఇచ్చేసిన రాజకుమారుడి కథ అది. దానం గొప్పది అని చెప్పే కథ. ఆ పిల్లల్ని అడిగి తీసుకుపోయి పనివాళ్ళుగా వాడుకోవాలనుకున్న జూజకుడు బ్రాహ్మణుడు. ఆ పిల్లల వైపు నుంచి ఈ కథని చదివితే ఎట్లా వుంటుందో మన విద్యార్థులు ఒకసారి ఆలోచించాలి. గోలివాళ్ళు తమ వూరి రాళ్ళు చూడాలంటే చెన్నై రైలెక్కాలి.

గురజాల కూడా అంతే. నలగామరాజు రాజధాని అని తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడరు. కానీ ఆ కథకి దాదాపు తొమ్మిది శతాబ్దాల ముందే, ఇక్ష్వాకుల చివరి కాలంలో, రుళుపురుషదత్తుడి పేరుతో గురజాలలో శాసనం పడింది. అదే రెంటచింతల ప్రాంతంలోని మంచికల్లులో పల్లవ సింహవర్మ వేసిన ప్రాకృత శాసనం దొరికింది. పల్లవుల శాసనాల్లో అన్నిటికన్నా పాతవాటిలో అది ఒకటి. పల్లవులంటే కంచి, మహాబలిపురం అనుకుంటాం. వాళ్ళ తొలి అడుగుల్లో ఒకటి పల్నాటి మెట్టమీద పడిందని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

3. మునిగిన విజయపురి

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వుండేది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల మాట. మొదటి రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని చెల్లెలు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి అండగా నిలబడింది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధానికి దానాలు చేశారు. రాజకుటుంబం బయటి ఉపాసిక బోధిసిరి లాంటి స్త్రీలు కూడా చైత్యగృహాలు కట్టించారు. ఆ శాసనాలు చదువుతుంటే ఆడవాళ్ళ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే వుంటాయి. బుద్ధుడి సంఘంలో మంగలి ఉపాలికీ, పాకీపని చేసిన సునీతుడికీ చోటు దొరికిందని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. పుట్టుక అడగని సంఘం ఒకటి ఈ కృష్ణ ఒడ్డున కొన్ని తరాలు బతికింది. అది మనకి చిన్న విషయం కాదు.

1926లో ఈ లోయ శిథిలాలు బయటి లోకానికి తెలిశాయి. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్ణయం జరిగింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోయేలోగా తవ్వగలిగినంత తవ్వాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. దొరికినవాటిలో కొన్నిటిని కొండమీదికీ, కొన్నిటిని ఒడ్డున అనుపుకీ మార్చి మళ్ళీ కట్టారు. కొండ ఇప్పుడు దీవి. మ్యూజియం దానిమీద వుంది. మాచర్ల దాటి విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కాలి.

ఈ తేదీల పక్కన ఇంకో తేదీ పెట్టి చూడాలి. 1956 అక్టోబరు 14. ఆ రోజు నాగపూర్‌లో అంబేద్కర్ లక్షలమందితో బౌద్ధం తీసుకున్నాడు. మధ్య భారతంలో అంటరానివాళ్ళు బుద్ధుణ్ణి మళ్ళీ తెచ్చుకుంటున్న ఆ నెలల్లోనే ఇక్కడ కృష్ణ లోయలో బుద్ధుడి ఇటుకలు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఎత్తుతున్నారు. ఒకచోట అది బతుకు, ఇంకొకచోట పురావస్తువు. ఈ రెండింటినీ కలిపి చూసిన వాళ్ళు ఆనాడు మన దగ్గర తక్కువ. ఇవాళైనా కలిపి చూడాలి. అనుపు వెళ్ళిన దళిత విద్యార్థి అది తనకి సంబంధంలేని ఏదో పాత మతం తాలూకు శిథిలం అనుకుని వెనక్కి రాకూడదు.

తవ్వించిన అధికారుల పేర్లు మేం చెప్పాం, ఎందుకంటే పుస్తకాల్లో వున్నాయి. గునపం పట్టినవాళ్ళ పేర్ల కోసం ఆ పుస్తకాల్లో వెతికి చూడండి. రాతి ఆనకట్టని చేతులతో లేపిన పాలమూరు లేబరు పేర్ల కోసం కూడా వెతకండి. 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు ఎవరి పొలాలకి పోయాయో, భూమిలేని కూలీకి ఆ నీళ్ళలో ఎంత వాటా దక్కిందో కూడా చరిత్రే. 2022లో సాగర్ అవతలి ఒడ్డున తెలంగాణ ప్రభుత్వం బుద్ధవనం తెరిచింది. బుద్ధుడు ఇవాళ పర్యాటకానికి పనికొస్తున్నాడు. కులం పోవటానికి పనికొస్తున్నాడా అన్నది మన ప్రశ్న.

4. కారెంపూడి వీర్లగుడి

పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం చివరి పాతికలో జరిగిందని చరిత్రకారులు ఎక్కువమంది అనుకుంటారు. కథ ఇది. హైహయ వంశపు అనుగురాజు ఉత్తరం నుంచి పల్నాడు వచ్చాడు. హైహయులంటే జబల్‌పూర్ దగ్గరి త్రిపురి నుంచి ఏలిన కలచురుల వంశం. పల్నాటి రాజులు కూడా ఆ పేరే చెప్పుకున్నారు. అనుగురాజు కొడుకుల మధ్య రాజ్యం గురజాల, మాచర్లగా చీలింది. గురజాలలో నలగామరాజుకి నాగమ్మ మంత్రి. మాచర్లలో మలిదేవరాజు వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలసపోయారు. తిరిగొచ్చి రాజ్యం అడిగితే, రాయబారానికి పోయిన అలరాజుని విషం పెట్టి చంపారు. చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడిలో యుద్ధం. రెండువైపులా దాదాపు అందరూ పోయారు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. అదే బిలంలో 1969లో చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో రహస్యంగా సమావేశమయ్యాడు. కొండ ఒకటే, చరిత్రలు పొరలు పొరలుగా వున్నాయి.

ఈ కథ మనకి రెండు దారుల్లో చేరింది. ఒకటి పుస్తకం. శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యంలో మనకి దొరికింది ముఖ్యంగా బాలచంద్రుడి యుద్ధం. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేశాడు. ఆంధ్రోద్యమం మొదలవుతున్న రోజులవి. తెలుగువాళ్ళకి ఒక వీరగాథ కావాల్సి వచ్చింది. పల్నాటి కథ 'ఆంధ్ర భారతం' అయ్యింది.

రెండో దారి పాట. వీరవిద్యావంతులు అనే మాల గాయకులు ఈ కథ మొత్తాన్ని రాత్రుళ్ళు రాత్రుళ్ళు పాడారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ 1970లలో ఇక్కడికొచ్చి అలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకున్నాడు. ఆ పాటకి ఇంగ్లీషు అనువాదంతో 1982లో ఆక్స్‌ఫర్డ్ పుస్తకం వచ్చింది. కావ్యంలో లేని ముందు కథ, వెనక కథ గాయకుల నోట్లో వున్నాయి. అంటే పల్నాటి చరిత్రకి అసలైన గ్రంథాలయం మాలపల్లెలో వుంది. శ్రీనాథుడి పేరు ప్రతి పదోతరగతి పిల్లవాడికీ తెలుసు. గాలెయ్య పేరు ఎందరు తెలుగు లెక్చరర్లకి తెలుసు?

కారెంపూడిలో వీర్లగుడి వుంది. అందులో వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళున్నాయి. అంకాలమ్మ గుడి, చెన్నకేశవస్వామి గుడి కూడా వున్నాయి. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదురోజులు వుత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదురోజుల పేర్లు. వీరాచారవంతులు తమ తమ వూళ్ళ నుంచి కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, మోసుకొస్తారు. నాగులేట్లో కడిగి వూరేగిస్తారు. ఇక్కడ దేవుడు ఆయుధం, దేవుడు చచ్చిపోయిన మనిషి. మంత్రాలకన్నా పాటకి విలువ ఎక్కువ. బ్రాహ్మణ పద్ధతికి లొంగకుండా నిలబడ్డ పూజ ఇది. గైడ్లు 'జానపద వుత్సవం' అని తేల్చేస్తారు. మేం మాత్రం దీన్ని ఓడిపోయినవాళ్ళు తమవాళ్ళని మర్చిపోకుండా వుంచుకున్న పద్ధతిగా చూస్తాం.

మందపోరు రోజున చాపకూడు జరుగుతుంది. కులం లేకుండా అందరూ కలిసి తినాలి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తిన్నాడని కథ. దీన్ని మేం తక్కువచేసి మాట్లాడం. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కథలో మాలతో కలిసి తినటం గొప్ప పనిగా నిలిచిందంటే, కులం తప్పని అనుకున్నవాళ్ళు అప్పుడూ వున్నారన్నమాట. కానీ కథని పూర్తిగా చూడాలి. కన్నమదాసు బ్రహ్మనాయుడికి పెంపుడు కొడుకు, సేనాని. కత్తి దొరికింది. రాజ్యంలో పాలు దొరికిందా? వూరు దొరికిందా? పొలం దొరికిందా? చావటానికి ముందువరస, పంచుకోవటానికి వెనకవరస. కులాలన్నిటినీ కలిపితేగానీ సైన్యం తయారుకాని పరిస్థితిలో చాపకూడు పుట్టిందని కూడా ఆలోచించొచ్చు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. చాప మీద కూర్చోటం గెలుపే. చాపతో ఆగిపోవటం మోసం.

నాగమ్మ విషయం కూడా అంతే. అధికారం చేసిన ఆడది గనక కుట్రలన్నీ ఆమె నెత్తిన వేశారు. జిట్టగామాలపాడు వూరి పేరుతో ముడిపడిన ఆ మనిషిని ఒక రాజ్యపు మంత్రిగా చూసి రాసినవాళ్ళు తక్కువ. పక్కవాడి మంచి చూపించటానికి ఒక ఆడదాన్ని చెడ్డదాన్ని చేయటం పాత అలవాటు.

5. మాచర్ల గుడి ముందు ఒక లెక్క

మాచర్లలో చంద్రవంక ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి వుంది. బ్రహ్మనాయుడు కట్టించాడనీ, పంచముల్ని గుళ్ళోకి తీసుకుపోయాడనీ అక్కడ చెప్పుకుంటారు. గుడి బాగుంది, చూడాల్సిందే. కానీ గుడి ముందు నిలబడి ఒక చిన్న లెక్క వేసుకోండి. పన్నెండో శతాబ్దంలోనే మాలవాడు గుళ్ళోకి పోయివుంటే, 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం ఎందుకు చేయాల్సి వచ్చింది? అప్పుడు గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే వుంది. మధ్యలో తలుపు ఎవరు మూశారు? ఎప్పుడు మూశారు? పల్నాటి చరిత్రలో అసలు రాయాల్సిన అధ్యాయం అదీ. యుద్ధం గురించి చాలా రాశారు. తలుపు మూసుకోవటం గురించి ఎవరూ రాయలేదు.

సినిమా సంగతి చూడండి. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశాడు. ఆయనే 'పల్నాటి యుద్ధం' మొదలుపెట్టి, పూర్తికాకముందే చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. అది 1947లో వచ్చింది. అంటే ఆలయ ప్రవేశ చట్టం వచ్చిన ఏడే. 1966లో మళ్ళీ ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడిగా అదే కథ వచ్చింది. రెండు సినిమాల పేరు చెప్పగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ వేసినవాళ్ళు గుర్తొస్తారు. కన్నమదాసు వేసిందెవరని అడిగి చూడండి.

6. వినుకొండ, మించాలపాడు

వినుకొండ కూడా ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే వుంది. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న అక్కడ పుట్టాడు. 1941లో వచ్చిన ఆయన 'గబ్బిలం' ఒకరకంగా చారిత్రక స్థలాల యాత్రే. అరుంధతీయుడు తన బాధని కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. తంజావూరు నుంచి అది పాత రాజధానుల మీదుగా ఎగురుతూ పోతుంది. మనిషి పోలేని గుళ్ళోకి గబ్బిలం పోగలదు. చారిత్రక స్థలాల గురించి ఇంతకన్నా సూటి విమర్శ తెలుగులో రాలేదు. వాటిని ప్రేమించాడు, వాటి గడప దగ్గర తన జాతి ఎందుకు ఆగిపోయిందో అడిగాడు. పల్నాడు చూసేవాడికి దారి చూపించగలిగినవాడు జాషువానే.

దుర్గి వైపు పోతే కన్నెగంటి హనుమంతు జ్ఞాపకం వుంది. అడవిలో పశువులు మేపుకున్నందుకు తెల్లదొరలు పుల్లరి వసూలు చేస్తుంటే కట్టం అన్న పోరాటం అది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయాడు. నాయకుడి పేరు మిగిలింది, మంచిదే. అడవిమీద ఆధారపడ్డ చెంచులు, గొర్రెలవాళ్ళు, కూలీలు ఆ పోరాటంలో ఏ పాత్ర చేశారో వూరూరా అడిగి రాయాల్సిన పని ఇంకా మిగిలే వుంది.

7. చేయాల్సిన పని

చాపకూడు పుట్టిన ఈ గడ్డకి దగ్గర్లోనే 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగాయి. చుండూరు అప్పుడు పల్నాడు వున్న గుంటూరు జిల్లాలోనే వుంది. జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదిక ఈ రాష్ట్రంలో గుడి దగ్గరా, హోటల్లోనూ, బావి దగ్గరా అంటరానితనం ఎట్లా నడుస్తోందో చూపించింది. వారసత్వం గురించి మాట్లాడేవాళ్ళు ఇవి వేరే విషయాలు అనకూడదు. గతంలో ఒక చాప వుందని చెప్పుకుని వర్తమానంలో రెండు గ్లాసులు పెట్టే సమాజం ఆ చాపని అవమానిస్తోంది.

టీచర్లకి మా మాట ఒకటి. పిల్లల్ని సాగర్ తీసుకుపోతే ఆనకట్ట చూపించి వెనక్కి తీసుకురావద్దు. అనుపులో దింపండి. చాంతిసిరి పేరు చెప్పండి. పనివాళ్ళ పెద్దకి కూడా రాయి నిలిపారని చెప్పండి. నాగపూర్ 1956 గురించి అక్కడే చెప్పండి.

విద్యార్థులకి: వీరవిద్యావంతుల ఇళ్ళు ఇంకా వున్నాయి. పాట వచ్చిన పెద్దలు తగ్గిపోతున్నారు. ఒక అమెరికా ఆయన వచ్చి రికార్డు చేసుకున్నది మన విశ్వవిద్యాలయాలు ఎందుకు చేయలేదని తిట్టుకుంటూ కూర్చోటం చాలు. ఫోనులో రికార్డు చేయొచ్చు. పాడినాయన పేరు, వూరు, గురువు పేరు ఆయన అనుమతితో రాసిపెట్టండి. డబ్బు ఆయనకి చేరేట్టు చూడండి. పాట మనది అని మురిసిపోయి పాడేవాణ్ణి పస్తుపెట్టటం కూడా దోపిడీయే.

కార్యకర్తలకి: జిల్లాలో పర్యాటక బోర్డులు పడుతున్నాయి. కారెంపూడి బోర్డు మీద కన్నమదాసు పేరు బ్రహ్మనాయుడి పేరంత అక్షరాలతో వుండాలని అడగండి. వీరవిద్యావంతుల పేరు వుండాలని అడగండి. గోలి శిల్పాల ఫోటోలైనా గోలి బళ్ళో వుండాలని అడగండి. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వున్న పాత రాళ్ళు, సమాధులు, అమ్మవార్ల గద్దెలు ఏ జాబితాలోనూ లేకపోతే మనమే జాబితా రాద్దాం. రోడ్డు వెడల్పుకో క్వారీకో అవి పోకముందే రాద్దాం.

కార్తీక అమావాస్యకి కారెంపూడి తప్పకుండా పోండి. మందపోరు నాడు చాపకూడులో కూర్చోండి, తినండి. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి, వండిందెవరో అడగండి. మర్నాడు చుట్టుపక్కల ఒక వూరికి పోయి శ్మశానం ఎన్ని ముక్కలుగా వుందో చూడండి. ఆ రెండు రోజుల మధ్య వున్న దూరాన్ని రాసిపెట్టండి. పల్నాటి చరిత్రలో మనం ఇంకా రాయని భాగం అక్కడ వుంది.